టీ నర్సరీలో మైకోరైజా పొడి వేయాలా, వద్దా?

కూనూరు నర్సరీ:
మాది పల్నాడు. తొమ్మిదేళ్లుగా నీలగిరుల్లో కూనూరు దగ్గర టీ నర్సరీ చూసుకుంటున్నాను. ఒక డీలర్ మైకోరైజా పొడి తెచ్చి, సంచికి చెంచాడు వేస్తే మొక్క త్వరగా నాటుకు వస్తుందంటున్నాడు. మన వైపు వ్యామ్ అంటారే, అదేనా ఇది? ఇరవై వేల సంచులకు వేయాలంటే చిన్న ఖర్చు కాదు. తెలిసినవాళ్లు చెప్పండి.

నేలశాస్త్రం పీజీ:
అదే అన్నా, వేర్లతో కలిసి బతికే శిలీంధ్రం. నేనైతే వేయమంటాను. టీ వేర్లకు నూగు తక్కువ. పైగా టీ కోరుకునేది పీహెచ్ 4.5 నుంచి 5.5 ఉండే ఆమ్ల నేల. అలాంటి నేలలో భాస్వరం ఇనుముతో, అల్యూమినియంతో బిగుసుకుపోయి వేరు దగ్గరకు కదలదు. శిలీంధ్రపు పోగులు వేరు అందుకోలేని చోటికి పాకి దాన్ని తెచ్చిపెడతాయి. బదులుగా మొక్క తన చక్కెరలో వాటా ఇస్తుంది. చైనాలో చేసిన కుండీ ప్రయోగాల్లో శిలీంధ్రం కలిపిన టీ మొక్కలు బాగా ఎదిగాయి.

వాల్పారై తోట:
అమ్మా, ఇలాంటి ప్రయోగాల్లో మామూలుగా కుండీ మట్టిని ముందే ఆవిరి పెట్టి అన్నిటినీ చంపేస్తారు. ఏ శిలీంధ్రమూ లేని మొక్క పక్కన పెడితే ఉన్న మొక్క గెలవదా? తోటలో పాత పొదల వేర్లలో అవి ఎప్పుడో కాపురం పెట్టేశాయి. రెండేళ్ల కిందట ప్రూనింగ్ అయిన బ్లాకులో నాలుగు వరసలకు పొడి వేయించాను. పక్క వరసలతో పోలిస్తే ఆకు తూకంలో తేడా లేదు. ఆ డబ్బు కంపోస్టుకు పెట్టలేదే అని ఇప్పటికీ బాధే.

నేలశాస్త్రం పీజీ:
పెద్ద పొదల విషయంలో మీ మాట ఒప్పుకుంటాను సార్. నర్సరీ సంచి కథ వేరు. ఒంటి ఆకు కటింగ్‌ను గుచ్చేది లోతు నుంచి తీసిన అడుగుమట్టిలో. ఈ శిలీంధ్రాలు బతికున్న వేరు లేకుండా పెరగలేవు కాబట్టి అక్కడ అవి తక్కువ. వేర్లకు పట్టే నులిపురుగుల భయంతో ఆ మట్టిని వేడి చేస్తే ఉన్న కాసినీ పోతాయి. లోటున్నది అక్కడే.

కూనూరు నర్సరీ:
మేమూ వేడి చేస్తాం. మరి పాత పొద కింది మట్టి పిడికెడు కలిపితే చాలదా?

వాల్పారై తోట:
వద్దు తమ్ముడూ! ఆ మట్టితో నులిపురుగూ వస్తుంది. నేనొకసారి వేళ్లకు బుడిపెలు పట్టిన మొక్కలు వందల్లో తగలబెట్టించాను. సంచుల వరకు ఆ అమ్మాయి చెప్పింది సబబే. కానీ పొడి వేసి, మళ్లీ పైన సూపర్ ఫాస్ఫేట్ గుమ్మరించొద్దు. భాస్వరం పుష్కలంగా దొరికితే మొక్క శిలీంధ్రాన్ని పెద్దగా దగ్గరకు రానివ్వదు.

నేలశాస్త్రం పీజీ:
కొనేముందు పొడిలో ప్రాణం ఉందో లేదో చూడండి అన్నా. ఉడికించి చల్లార్చిన ఇసుకలో కొంచెం కలిపి జొన్న వేయండి. ఆరు వారాలకు సన్న వేర్లు తీసి, కాస్టిక్ పొటాష్ (పొటాషియం హైడ్రాక్సైడ్, ఎరువు పొటాష్ కాదు) నీళ్లలో మరిగించి కడిగి, 5 శాతం నల్ల ఇంకు కలిపిన వెనిగర్‌లో మూడు నిమిషాలు మరిగించండి. మైక్రోస్కోపులో వేరు లోపల రంగెక్కిన పోగులు కనబడాలి. టీ వేరు ముదురు రంగు, అందుకే జొన్న చెప్పాను. కాస్టిక్ పొటాష్ చర్మాన్ని కాలుస్తుంది, గ్లవ్స్ వేసుకోండి.

కూనూరు నర్సరీ:
సరే, డీలర్‌ను ఒక్క ప్యాకెట్టే అడుగుతాను. జొన్న వేరులో పోగులు కనబడితే 100 సంచులకు వేసి, 100 వేయకుండా పక్కనే పెడతాను. ఒకే క్లోను, అంటే ఒకే రకం తల్లి మొక్క కటింగులు, ఒకే నీడ. నాటే రోజున రెండిటి వేర్లూ కడిగి ఫోటోలు ఇక్కడే పెడతాను.