ఆల్గాంక్విన్‌లో మొదటి కనూ ట్రిప్: పోర్టేజ్ మా వల్ల అవుతుందా?

ప్రశ్న (కెనడాలోని మిస్సిసాగా నుంచి):
అందరికీ నమస్కారం. ఆగస్టులో నేను, మా ఆవిడ, పదేళ్ల బాబు ఆల్గాంక్విన్ పార్కులో కనూ (సన్నటి తెడ్డు పడవ) మీద తిరుగుతూ రెండు రాత్రులు ఉందామనుకుంటున్నాం. కనూ లేక్‌లో బయల్దేరి టామ్ థామ్సన్ లేక్ దాకా. మధ్యలో జో లేక్‌కి 295 మీటర్ల పోర్టేజ్ (పడవ, సామాను మోసుకుంటూ నేల మీద నడవాల్సిన దారి) ఉంది. పడవ నెత్తికెత్తుకుని నడవగలమా? మా ఆవిడకి ఎలుగుబంట్లంటే టెన్షన్. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

జవాబు (కోనసీమ అక్క):
తప్పకుండా వెళ్లు తమ్ముడూ. మేం జూన్ చివర్లో ఇదే దారిన వెళ్లాం. పోర్టేజ్ అదొక్కటే, బాట బాగుంటుంది. చూసుకోవాల్సింది సామాను. రెండు విడతలు మోస్తే 295 కాస్తా 885 అవుతుంది, మధ్యలో ఖాళీగా వెనక్కి నడవాలి కదా. మడత కుర్చీలు, కుక్కరు కట్టుకెళ్లి మేం మూడు విడతలు తిరిగాం. దాదాపు కిలోమీటరున్నర!

కెవ్లార్ అనే తేలికపాటి పదార్థంతో చేసిన పడవే అద్దెకు తీసుకోండి, 20 కిలోల దాకా ఉంటుంది. భుజాల మీద ఆనే అడ్డకర్ర మెడ వెనక ఒత్తుకుంటుంది. మా అమ్మ బిందె కింద చుట్టకుదురు పెట్టుకున్నట్టు నేను తువ్వాలు మడిచి పెట్టుకున్నాను, నొప్పి తగ్గింది. పడవ బోర్లించుకున్నాక కాళ్ల ముందు నేల తప్ప ఏమీ కనబడదు. బాబుని ముందు నడవమను. మా పాప "అమ్మా వేరు, అమ్మా బురద" అని చెబుతూ నడిచింది.

లోపలికి టిన్నులు, గాజు సీసాలు తీసుకెళ్లకూడదు. ఆవకాయ ఇంట్లోనే ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకోండి. రాత్రికి తిండి, పేస్టు, సబ్బు ఒకే సంచిలో వేసి, టెంటుకి దూరంగా, 4 మీటర్ల ఎత్తున, మానుకి 2 మీటర్ల ఎడంగా వేలాడదీయాలి. వెలుతురుండగానే కొమ్మ చూసుకోండి. టెంటులో బిస్కెట్టు ముక్క కూడా ఉండకూడదు. మాకు ఎలుగు ఒక్కటీ కనబడలేదు.

మూస్ (భారీ దుప్పి లాంటి జంతువు) మాత్రం కనబడింది. తెల్లవారుజామున, దారిలోని టీపీ లేక్ ఒడ్డున. తలంతా నీళ్లలో ముంచి కలువ కాడలు పీకుతోంది. తలెత్తినప్పుడు మూతి నుంచి నీళ్లు కారే చప్పుడు మా దాకా వినిపించింది. తెడ్లు పడవలో పెట్టేసి అలాగే కూర్చుండిపోయాం. ఇప్పటికీ ఆ చప్పుడు నా చెవుల్లో ఉంది. దూరం నుంచే చూడండి, దాని పక్కన పిల్ల మూస్ ఉంటే ఇంకా దూరం.

జవాబు (ఒట్టావా నుంచి):
మధ్యాహ్నానికి కనూ లేక్ మీద గాలి లేస్తుంది. పొద్దున్నే బయల్దేరి ఒడ్డు వెంబడి వెళ్లండి. బాబుకి తన కొలతకి సరిపోయే లైఫ్ జాకెట్ ఉండాలి, నీళ్ల మీద ఉన్నంతసేపూ విప్పనివ్వకండి. ఆగస్టుకి కుట్టే నల్ల ఈగల బెడద ఉండదు. రాత్రి నీళ్ల మీంచి పొడుగ్గా ఏడుపు వినబడితే అది లూన్ పక్షి, ఇక్కడి డాలరు నాణెం మీద ఉండేదే. మీ ఆవిడకి ముందే చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అక్కా. కుర్చీలు జాబితాలోంచి తీసేశాం. తిండి సంచి వేలాడదీయడానికి తాడు ఎంత పొడుగు కావాలి?

కోనసీమ అక్క:
15 మీటర్లు తెచ్చుకో. చిన్న సంచిలో రాయి వేసి, తాడు చివర కట్టి కొమ్మ మీదికి విసరాలి. ఒకసారి ఇంటి దగ్గర పార్కులో ప్రాక్టీసు చెయ్యి.