బీరు చలవట, రాళ్లు కరిగిస్తుందట: ఏది నిజం, ఏది పుకారు? (చర్చ)

లంక_గాలి:
ఎండలు ముదిరాయి. పాలకొల్లు నుంచి అమలాపురం దాకా ఏ పెళ్లి విడిదిలో కూర్చున్నా బీరు మీద అవే మాటలు. చలవ చేస్తుంది, కిడ్నీలో రాళ్లు పోతాయి, సీసా బోర్లించి గ్లిజరిన్ తీసెయ్యాలి, ఒకసారి చల్లబెట్టింది వేడెక్కితే విషం, రెండు బీర్లు ఒక పెగ్గుతో సమానం. ఒక్కోటీ పట్టుకుని కారణంతో సహా తేల్చేద్దామండి. "మా బావమరిదికి తగ్గింది" లాంటి సాక్ష్యాలు వద్దు. లెక్క ఉంటే లెక్క, లేదంటే ఎందుకలా అవుతుందో రాయండి. మన రాష్ట్రంలో కొనడానికి 21 ఏళ్లు నిండాలి, ఆ లోపు వాళ్లు చదివి ఊరుకోండి.

మాల్టు_మాస్టారు:
ముందు చలవ సంగతి. ఇది బార్లీ నీళ్ల దగ్గర పుట్టిన పొరపాటు. ఒంట్లో వేడి చేసి మూత్రం మంటగా వస్తే మన ఇళ్లల్లో బార్లీ కాచి ఆ నీళ్లు తాగిస్తారు. బీరూ బార్లీతోనే చేస్తారు కదా, అదీ చలవేనని జనం తేల్చేసుకున్నారు. బార్లీ నీళ్లలో ఉండేది నీరూ గంజీ. బీరులో దానికి ఆల్కహాలు తోడవుతుంది. ఒంట్లో నీటిని పట్టి ఉంచే వాసోప్రెసిన్ అనే హార్మోన్‌ను ఆల్కహాలు అణిచేస్తుంది. అందుకే మాటిమాటికీ లేవాల్సి వస్తుంది. స్ట్రాంగ్ బీరుతో ఈ తంతు ఇంకా ఎక్కువ.

పైగా ఆల్కహాలుకి చర్మం కింద రక్తనాళాలు విచ్చుకుని మొహం వెచ్చబడుతుంది. రోహిణి కార్తె ఎండలో చెమట పోసి వచ్చినవాడికి కావలసింది నీళ్లూ ఉప్పూ. మజ్జిగలో ఉప్పేసి ఇస్తే రెండూ అందుతాయి. గొంతులో చల్లగా దిగినంత మాత్రాన ఒంటికి చలవ చేసినట్టు కాదు.

సీసామూత:
మరి రాళ్ల సంగతేంటండి మాస్టారూ? మూత్రం ఎక్కువ వస్తే రాయి కొట్టుకుపోవాలి కదా.

మాల్టు_మాస్టారు:
5 మిల్లీమీటర్ల లోపు రాళ్లు చాలావరకు వాటంతట అవే పోతాయి. ఆ వారం బీరు తాగితే పేరు బీరుకొస్తుంది, కొబ్బరినీళ్లు తాగితే కొబ్బరినీళ్లకొస్తుంది. అంతకన్నా పెద్ద రాయి నాళంలో అడ్డం పడితే అసలు చిక్కు. వెనక నుంచి మూత్రం తోసుకొస్తే రాయి కదలదు, కిడ్నీ ఉబ్బి నొప్పి రెట్టింపవుతుంది. ఇక కరగడం అంటారా, ఎక్కువమందిలో ఉండేది కాల్షియం ఆక్సలేట్ రాయి. అది దేనికీ కరగదు. మాత్రలతో కరిగేది యూరిక్ ఆమ్లం రాయి. తమాషా ఏంటంటే, బీరు ఆ యూరిక్ ఆమ్లాన్నే పెంచుతుంది.

లెక్కల_లాకు:
"రెండు బీర్లు ఒక పెగ్గు" అన్నది సరిగ్గా తలకిందులు. కాగితం మీద వేసి చూడండి.

650 మి.లీ. సీసా, 8 శాతం: 650 × 0.08 = 52 మి.లీ. స్వచ్ఛమైన ఆల్కహాలు.
60 మి.లీ. విస్కీ, 42.8 శాతం: 25.7 మి.లీ.

అంటే ఒక స్ట్రాంగ్ సీసా రెండు పెద్ద పెగ్గులు. 5 శాతం మైల్డ్ సీసా అయితే ఒకటింబావు. లేబుల్ మీద శాతం చూడకుండా సీసాలు లెక్కపెట్టడం వల్లే ఈ పొరపాటు. మన దేశంలో 5 శాతం దాటితే స్ట్రాంగ్, పై హద్దు 8.

ఇప్పుడు బండి సంగతి. ఆల్కహాలు మి.లీ.ని 0.79తో హెచ్చిస్తే గ్రాములొస్తాయి. 52 మి.లీ. అంటే 41 గ్రాములు. 70 కిలోల మగమనిషి ఖాళీ కడుపుతో గబగబా తాగితే 100 మి.లీ. రక్తంలో దాదాపు 85 మిల్లీగ్రాములు తేలుతుంది. చట్టం ఒప్పేది 30. గంటకు 15 చొప్పున తగ్గుతుందనుకున్నా 30 కిందికి రావడానికి నాలుగు గంటలు, పూర్తిగా పోవడానికి ఆరు గంటలు. ఆడవాళ్లకీ బక్కపలచని వాళ్లకీ ఇంకా ఎక్కువ. నిమ్మరసం, కాఫీ, చన్నీళ్ల స్నానం ఏవీ ఈ గంటల్ని తగ్గించవు. కాఫీ తాగితే నిద్ర తేలుతుంది, మత్తు అలాగే ఉంటుంది. ఇది సగటు లెక్కేనండి, దీన్ని నమ్ముకుని తాళం చెవి తియ్యమని కాదు.

సీసామూత:
ముందు బీరా, ముందు విస్కీయా అని కొట్టుకుంటారు కదా?

లెక్కల_లాకు:
వరస ఏదైనా కూడికే ముఖ్యం. బీరు తర్వాత విస్కీ అంటే, అప్పటికే రెండు పెగ్గులు లోపల ఉన్నాయని మర్చిపోయి గ్లాసు నింపుతారు. మర్నాటి తలనొప్పికి కారణం అదే.

తేట_నురగ:
గ్లిజరిన్ తంతు నేను చెబుతాను. గ్లాసులో నీళ్లు పోస్తారు, సీసా మూత తీసి బొటనవేలు అడ్డం పెట్టి బోర్లిస్తారు, మూతి నీళ్లలో మునిగాక వేలు తీస్తారు. పచ్చటి తీగల్లాంటివి మెలికలు తిరుగుతూ అడుగుకు దిగుతాయి. చుట్టూ ఉన్నవాళ్లు "అదిగో గ్లిజరిన్" అంటారు.

దిగేది బీరేనండి. పులియగా మిగిలిన చక్కెరలూ గంజి పదార్థాలూ ఉంటాయి కాబట్టి బీరు నీటికన్నా రవ్వంత బరువు. చల్లటిది ఇంకాస్త బరువు. అది కిందికి జారుతుంటే అంత నీరూ పైకెక్కి సీసాలో చేరుతుంది. డబ్బు పోసి కొన్న బీరును నీళ్లతో పలచన చేసుకోవడమన్నమాట. అనుమానమైతే చల్లారిన టీ డికాక్షన్ 200 మి.లీ.లో ఒక చెంచా పంచదార కరిగించి చిన్న సీసాలో పోసి అలాగే బోర్లించండి. అవే తీగలు, అదే మెలిక. టీలో గ్లిజరిన్ ఎవరు కలిపినట్టు?

అసలు గ్లిజరిన్ బీరులో లేకపోలేదు. పులిసేటప్పుడు ఈస్టే కొద్దిగా తయారు చేస్తుంది, లీటరుకు గ్రాము రెండు గ్రాముల్లో. అది బీరంతా కలిసిపోయి ఉంటుంది. సీసా తలకిందులు చేస్తే విడిపోయి దిగడానికి అదేమీ ఇసుక కాదు.

ఐసు_దిమ్మ:
చల్లబెట్టడం గురించి వివరంగా రాస్తాను, ఎక్కువమంది పాడుచేసుకునేది ఇక్కడే.

ఫ్రిజ్ కింది అరలో వెచ్చటి సీసా తాగే చల్లదనానికి రావడానికి 4 గంటల పైనే. తొందరైతే బకెట్టే దారి. 20 లీటర్ల బకెట్టులో ఆరు సీసాలు నిలబెట్టి, 5 కిలోల ఐసు చితక్కొట్టి వేసి, సీసాల మెడ దాకా నీళ్లు పొయ్యండి. పావుకిలో కల్లుప్పు చల్లి కలపండి. రెండు మూడు నిమిషాలకోసారి సీసాల్ని తిప్పుతుంటే 20 నిమిషాల్లో అయిపోతుంది. డబ్బాలైతే 10 నిమిషాలు.

ఉత్త ఐసు పెడితే ఎందుకు ఆలస్యం? ఐసు ముక్క సీసాను అక్కడక్కడే తాకుతుంది, మధ్యలో అంతా గాలి. గాలికన్నా నీరు పాతిక రెట్లు బాగా వేడిని లాగుతుంది. ఉప్పు ఆ నీటిని సున్నా కిందికి దించుతుంది. ఉప్పు వేశాక మాత్రం అరగంట మించి వదలొద్దు, 5 శాతం బీరు మైనస్ రెండున్నర దగ్గర గడ్డకట్టడం మొదలెడుతుంది.

డీప్ ఫ్రీజర్ మైనస్ 18లో ఉంటుంది. సీసా పెట్టి మర్చిపోతే రెండు మూడు గంటల్లో పగులుతుంది, ఎందుకంటే నీరు గడ్డకడితే 9 శాతం ఉబ్బుతుంది. పగలకపోయినా మూత లేచి గ్యాసు పోతుంది. సగం గడ్డకట్టిన సీసా వెంటనే తెరవొద్దు, మొత్తం పొంగి చొక్కా మీదికొస్తుంది. నిలువుగా పెట్టి పూర్తిగా కరిగాక తియ్యండి.

తడి గోనెసంచి చుట్టే పద్ధతి పొడిగాలి ఉన్న ఊళ్లలో పనిచేస్తుంది. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి తడి ఆరదు, ఆరకపోతే చల్లబడదు.

ముఖ్యమైనది ఇంకోటి. భీమవరం చుట్టుపక్కల చవగ్గా దొరికేది రొయ్యల ఐసు. అది సరుకు మీద పొయ్యడానికి చేసింది, తాగడానికి కాదు. సీసా బయట వాడుకోండి, గ్లాసులో ఒక్క ముక్క కూడా వెయ్యొద్దు. బకెట్టులోంచి తీసిన సీసా మూతిని మంచినీళ్లతో కడిగి తుడిచాకే మూత తియ్యండి.

లంక_గాలి:
చల్లబెట్టి మళ్లీ బయట పెడితే పాడవుతుందన్న మాటో?

తేట_నురగ:
అదొక్కటే అయితే పాడవదు. పాడుచేసేవి వెలుతురూ, ఎక్కువకాలం వేడీ. బీరుకు చేదునిచ్చే హాప్స్ అనే పువ్వుల సారాన్ని వెలుతురు విరగ్గొడితే స్కంక్ అనే జంతువు వదిలే కంపు లాంటి వాసన పుడుతుంది. గోధుమరంగు గాజు ఆ వెలుతురును చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చ గాజు అంతగా ఆపదు, తెల్లగాజు అస్సలు ఆపదు. పచ్చ సీసాని ఎండలో టేబుల్ మీద పెట్టి కబుర్లలో పడితే కొద్ది నిమిషాల్లోనే తేడా తెలుస్తుంది.

వేడి సంగతికి కాచేవాళ్లు చెప్పుకునే మోటు లెక్క ఒకటుంది: 32 డిగ్రీల్లో 3 రోజులకు జరిగే నష్టం 22లో 30 రోజులకు, 3 డిగ్రీల్లో 300 రోజులకు జరుగుతుంది. రుచి తడిసిన అట్టముక్కలా మారుతుంది. ఒంటికి హాని కాదు, డబ్బు దండగ అంతే. రేకుల షెడ్డులో నెలరోజులు మగ్గిన కేసు కొనకండి, సీసా మీద నింపిన తేదీ చూసి కొత్తది అడగండి. పడుకోబెట్టొద్దు, నిలబెట్టి ఉంచండి.

తాడిచెట్టు_నీడ:
పాతబడితే ఘాటెక్కుతుందనే వాళ్లకి కల్లు పోలిక చెబితే తేలిగ్గా ఎక్కుతుంది. తాటి కల్లులో ఈస్టు బతికే ఉంటుంది. పొద్దున తియ్యగా ఉన్నది సాయంత్రానికి ఘాటెక్కుతుంది, మర్నాటికి పుల్లబడి వెనిగర్ దారి పడుతుంది. లొట్టికి సున్నం పూసి తీసిన నీరా పులియదు, సున్నం ఈస్టును లేవనివ్వదు కాబట్టి. సీసా బీరు దాదాపు అన్నిటినీ వడకట్టి 60 డిగ్రీల వేడిలో ఉంచి ఈస్టును ఆపేస్తారు. పులియబెట్టేవాడే లేడు, ఘాటు ఎక్కడ్నుంచి వస్తుంది?

నల్ల బీరు ఘాటు అన్నదీ అలాంటిదే. నలుపు వేయించిన మాల్టుది, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీది. నల్లగా ఉండే గిన్నిస్ డ్రాట్ 4.2 శాతం, మన పచ్చటి స్ట్రాంగ్ 8 దాకా.

గోదారి_గట్టు:
ఏమండీ, నురగ ఎక్కువ పోస్తే మోసమా?

తేట_నురగ:
సగం గ్లాసు నురగైతే మోసమే. రెండు వేళ్లంత మాత్రం ఉండాలి. అసలు లేకపోతే గ్లాసు జిడ్డు. రొయ్యల వేపుడు తిన్న పెదవులు తగిలినా నురగ చచ్చిపోతుంది. గ్లాసు లోపల తడిపి ఉప్పు చల్లి చూడండి, అంటుకోని చోటల్లా జిడ్డున్నట్టు. సబ్బు వాసన పోయేదాకా కడిగి బోర్లించి ఆరబెట్టండి, తువ్వాలుతో తుడవొద్దు. గ్లాసు వంచి మూడింట రెండొంతులు పోసి, మిగతాది నిలబెట్టి పొయ్యండి. నురగ లేకుండా వంచి తాగితే ఆ గ్యాసంతా కడుపులోకే.

మందుల_అంగడి:
నా వంతు పొడవేం కాదు కానీ ఇది తేలిగ్గా తీసుకోవద్దండి. బీరు విస్కీలాంటిది కాదు కదా అని మాత్రలతో కలిపేస్తున్నారు. మెట్రోనిడజోల్, టినిడజోల్ అనే యాంటీబయాటిక్ మాత్రలు వేసుకుంటున్నన్నాళ్లూ, ఆపాక 3 రోజులూ వద్దు. సుగరుకి గ్లిమిపిరైడ్ మాత్రో ఇన్సులినో వాడేవాళ్లు తిండి లేకుండా తాగితే సుగరు పడిపోతుంది. చెమట, వణుకు, మాట తడబాటు చూసి "ఎక్కువైంది, పడుకోబెట్టండి" అంటారు, ప్రమాదం అక్కడే. స్పృహ ఉండి మింగగలిగితే వెంటనే పంచదార నీళ్లు పట్టండి, లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకుండా 108కి ఫోన్ చెయ్యండి.

బొటనవేలి కీలు వాచి ఎర్రబడే గౌట్ ఉన్నవాళ్లకి బీరూ రొయ్యలూ జోడీ మరీ చెడ్డది. ఒంట్లో యూరిక్ ఆమ్లంగా మారే ప్యూరిన్లు రెండింటిలోనూ ఉంటాయి, పైగా ఆల్కహాలు యూరిక్ ఆమ్లాన్ని బయటికి పోనివ్వదు.

లెక్కల_లాకు:
పొట్ట గురించి ఒక్క మాట. మైల్డ్ సీసా 260 కేలరీల దరిదాపు, స్ట్రాంగ్ 350 దాటుతుంది. కొవ్వు సున్నా. కానీ ఒళ్లు ముందు ఆల్కహాలును ఖర్చుపెట్టి, పక్కన తిన్న పకోడీని దాచుకుంటుంది.

గోదారి_గట్టు:
యానాం సీసా పలచన అంటారు, నిజమేనా?

సీసామూత:
కాదండి. యానాం పుదుచ్చేరి కింద ఉంది, పన్ను వేరు, అందుకే ధర వేరు. లేబుల్ మీద శాతం చూసుకోండి, అంతే. ఆ సీసాలు ఇటు తెచ్చుకుంటే మాత్రం ఎక్సైజ్ వాళ్ల చెక్‌పోస్టు దగ్గర మీరే జవాబు చెప్పుకోవాలి.

కడియం_కుండీ:
చచ్చుబడిన బీరు పారబొయ్యకండి. నర్సరీలో కుండీల మధ్య చిప్పలేని నత్తలకి మంచి ఉచ్చు. వెడల్పు గిన్నెను మట్టిలో పాతి అంచు ఒక సెంటీమీటరు పైకి ఉంచండి, లేకపోతే మేలుచేసే పురుగులూ పడతాయి. మూడు సెంటీమీటర్ల లోతు బీరు పోసి సాయంత్రం పెట్టండి, రెండు రోజులకోసారి మార్చండి. వాటిని రప్పించేది ఈస్టు వాసన, మత్తు కాదు. బీరు లేకపోతే నీళ్లలో బేకరీ ఈస్టు చిటికెడు, చెంచా పంచదార కలిపి పెట్టినా వస్తాయి. చిప్పలున్న పెద్ద ఆఫ్రికా నత్తలకి ఇది చాలదు, వాటిని చేత్తో ఏరాల్సిందే. గ్లౌజులు మర్చిపోకండి.