పర్చేజ్ మేనేజర్‌కి బ్రేక్ దర్శనం, పనివాళ్ళకి కిలో స్వీటు: పద్ధతేనా?

అట్టపెట్టెలాయన (రేణిగుంట):
మాది అట్టపెట్టెలు చేసే చిన్న కంపెనీ. పెద్ద ఆర్డరంతా చెన్నై పార్టీదే. అక్కడి పర్చేజ్ మేనేజర్ ఏటా కుటుంబంతో కొండకొస్తారు. నోరు తెరిచి ఎప్పుడూ ఏమీ అడగరు. "ఈ నెల స్వామి దర్శనానికి వద్దామనుకుంటున్నాం" అని ఒక ఫోన్, అంతే. మేం బ్రేక్ దర్శనం చేయిస్తాం: టీటీడీ వాళ్ళ శ్రీవాణి ట్రస్టుకు తలకు పది వేలు విరాళం, టికెట్టు 500. నలుగురికి 42 వేలు. కారు, రూము కూడా మాదే. పనివాళ్ళకేమో దీపావళికి కిలో స్వీటు బాక్సు. మొన్న లోడింగ్ కుర్రాడు సూపర్‌వైజర్‌తో "ఆ సారు దర్శనం ఖర్చు మనందరి స్వీట్ల కంటే ఎక్కువంట కదన్నా" అన్నాడట. లెక్క చూస్తే నిజమే. మీరైతే ఏం చేస్తారు?

తిలక్ రోడ్డు:
తిరుపతి పక్కన ఫ్యాక్టరీ పెట్టుకుని పార్టీకి దర్శనం చేయించనంటే నవ్విపోతారన్నా. చుట్టాలకి చేయిస్తాం, ఆర్డరిచ్చే మనిషికి చేయించకూడదా? పనివాళ్ళకి జీతాలిస్తున్నారు కదా. రెండూ కలిపి టెన్షన్ పడొద్దు.

ఆడిటర్ బాబాయ్:
2022 జులై నుంచి ఆదాయపు పన్నులో ఒక రూలుంది. వ్యాపార సంబంధం వల్ల ఒక పార్టీకి ఏడాదిలో 20 వేలు దాటి ఏదైనా లాభమో సౌకర్యమో కల్పిస్తే, దాని విలువ మీద 10 శాతం టీడీఎస్ (వాళ్ళ తరఫున ముందే కట్టే పన్ను) మీరు కట్టాలి. (సొంత పేరుతో నడుపుతూ, ముందు ఏడాది టర్నోవర్ కోటి దాటకపోతే మినహాయింపు. మీరు కంపెనీ అన్నారు కాబట్టి అది లేదు.) తమాషా ఏంటంటే, దర్శనం చేసుకున్నది మేనేజరైనా టీడీఎస్ పడేది ఆయన కంపెనీ పాన్ మీద. వాళ్ళ అకౌంట్స్ వాళ్ళు చూసి "రేణిగుంట నుంచి మనకేం ముట్టింది?" అని అడుగుతారు. ఆయన ఏం చెప్తాడు? చెప్పగలిగితే ఇవ్వండి.

గుజ్జు ఫ్యాక్టరీ (చిత్తూరు):
బాబాయ్ మాటే నాదీ. మేం తోతాపురి గుజ్జు ఎగుమతి చేస్తాం. ఒక విదేశీ పార్టీకి వెండి కుందులు పంపితే, మా కంపెనీలో తీసుకోకూడదని మర్యాదగా ఉత్తరం రాసి తిప్పి పంపారు. అప్పటి నుంచి పార్టీలందరికీ ఒకటే: శ్రీకాళహస్తి కలంకారీ సంచి, అందులో టీటీడీ డైరీ, క్యాలెండరు. అదీ ఆఫీసు అడ్రసుకే, కంపెనీ పేరు మీద. ఇంటి అడ్రసు పంపినవాళ్ళకి అసలు పంపం. రేట్లు మాట్లాడుకునే నెలలో ఎవరికీ ఏమీ లేదు. ఇక ప్రభుత్వ ఆఫీసులో మనిషైతే ఆ క్యాలెండరుతో ఆపేయండి. అవినీతి నిరోధక చట్టానికి 2018 సవరణ తర్వాత లంచం ఇచ్చినవాడి మీదా కేసే.

తిలక్ రోడ్డు:
సరే, మరి లడ్డు? అది కూడా లంచమేనా?

హెచ్‌ఆర్ అక్క:
లడ్డు ఎవరు కాదన్నారు తమ్ముడూ? 50 రూపాయల లడ్డుకి ఎవరూ ఆర్డరివ్వరు. కానీ ఆ కవర్ మీద కంపెనీ స్టిక్కర్ అంటించి పంచేవాళ్ళని చూశాను. ప్రసాదం మీద ప్రచారమేంటి? పార్టీ హిందువు కాకపోతే ముందు ఒక మాట అడిగి ఇవ్వండి. చాలామంది సంతోషంగానే తీసుకుంటారు.

అసలు మీరంతా పార్టీ దగ్గరే ఆగిపోయారు. నేను పనిచేసిన ఒక చోట దీపావళికి షామియానా వేసి, మైకులో హోదా ప్రకారం పిలిచారు. మేనేజర్లకి కుక్కరు, ఆపరేటర్లకి స్టీలు డబ్బా. హౌస్‌కీపింగ్ ఆమె కాంట్రాక్టు మనిషి కాబట్టి లిస్టులో లేదు. అందరూ వెళ్ళాక కుక్కర్ల ఖాళీ అట్టలు ఏరి మడిచి గోడకి ఆనించింది ఆమే. తర్వాత ఎంతమందికి ఏమిచ్చారో నాకు గుర్తులేదు, ఆ అట్టలే గుర్తున్నాయి. కుక్కరిస్తే అందరికీ ఇవ్వండి, లేకపోతే అందరికీ డబ్బాలే ఇవ్వండి. ఇంకోటి, 8.33 శాతం బోనస్ వర్తించేవాళ్ళకి అది చట్టం ప్రకారం రావాల్సిన డబ్బు. కవర్లో పెట్టి, పసుపు రాసి, ఓనరు కానుకలా చేతికివ్వకండి.

తిలక్ రోడ్డు:
అక్కా, మీ మాట బాగుంది. కానీ ఆ మేనేజర్ అలిగి ఆర్డర్ ఇంకొకరికిస్తే కుక్కర్లు ఎవడు కొంటాడు?

గుజ్జు ఫ్యాక్టరీ (చిత్తూరు):
42 వేల దర్శనంతో నిలబడిన ఆర్డరు, ఇంకెవరో 60 వేలు పెడితే పోదా? క్వాలిటీ మీద మాట్లాడుకో అప్పా.

అట్టపెట్టెలాయన (రేణిగుంట):
సరే, ఇట్లా అనుకుంటున్నా. ఈసారి ఆయన ఫోన్ చేస్తే 300 రూపాయల దర్శనం టికెట్టు ఆన్‌లైన్లో ఎప్పుడు విడుదలవుతుందో చెప్తా, వచ్చినప్పుడు మా ఇంట్లో భోజనం పెడతా. స్టేషన్ నుంచి అలిపిరి దాకా కారు పంపుతా. పనివాళ్ళని ఏం కావాలో అడిగితే స్వీటు వద్దన్నారు, ఎక్కువమంది మిక్సీ అన్నారు. కాంట్రాక్టు వాళ్ళతో కలిపి కొటేషన్ తీసుకుంటున్నా. బాబాయ్, దీనికి జీఎస్టీ ఏమన్నా పడుతుందా?

ఆడిటర్ బాబాయ్:
మీ ఉద్యోగులకి మనిషికి ఏడాదికి 50 వేల దాకా గిఫ్టులిస్తే దాన్ని సరఫరా కింద లెక్కపెట్టరు, కాబట్టి జీఎస్టీ పడదు. అయితే ఆ మిక్సీలు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తర్వాత తగ్గించుకునే ఇన్‌పుట్ క్రెడిట్ మాత్రం రాదు, ఆశ పెట్టుకోకండి. కాంట్రాక్టు వాళ్ళ పేర్లు విడిగా రాసి పంపండి, వాళ్ళ లెక్క వేరు. కారు బిల్లు కూడా పంపండి, అదీ ఆ 20 వేలలోకే వస్తుంది.