స్టార్‌క్రాఫ్ట్ (కంప్యూటర్లో సైన్యాలు కట్టి యుద్ధం చేసే గేము) ఆడినవాళ్లు ఎవరైనా ఉన్నారా? పిల్లాడికి ఏ జాతితో మొదలెట్టించాలి?

పాలకొల్లు_కుర్రాడు:
టెన్త్ సెలవుల్లో భీమవరం మావయ్యగారింటికి వెళ్లినప్పుడు ఈ గేము పట్టుకుంది, ఇంటరయ్యేదాకా వదల్లేదు. ఇప్పుడు మా అబ్బాయి ఏడో తరగతి. వాడికి ఫోన్లో గేములు తప్ప తెలీదు. దసరాకి ఊరొస్తున్నాం, ఇంట్లో పాత లాప్‌టాప్ ఉంది, గ్రాఫిక్స్ కార్డు లేదు. దాంట్లో నడుస్తుందా? టెర్రాన్ (మనుషులు), జెర్గ్ (పురుగుల్లాంటి గ్రహాంతర జీవుల దండు), ప్రోటాస్ (బాగా ముదిరిన టెక్నాలజీ ఉన్న గ్రహాంతరవాసులు), ఈ మూడు జాతుల్లో ముందు ఏది నేర్పాలి? నేనెప్పుడూ టెర్రానే. ట్యాంకుల్ని సీజ్ మోడ్‌లో (కదలకుండా ఒకచోట పాతుకుని దూరం కొట్టేలా) దించి కూర్చోవడం తప్ప నాకేం రాదు. మీ పాత సంగతులు కూడా రాయండి, చదవాలనుంది.

తణుకు_జెర్గ్:
హాయిగా నడుస్తుందండి. 1998లో వచ్చిన గేము అది. 2017 ఏప్రిల్ నుంచి అసలు గేము, దాని అదనపు భాగం బ్రూడ్ వార్ రెండూ, తయారుచేసిన బ్లిజార్డ్ వాళ్లు ఉచితంగానే ఇస్తున్నారు. అదే ఏడు ఆగస్టులో వచ్చిన రీమాస్టర్డ్‌కే డబ్బులు. బొమ్మలు నున్నగా ఉంటాయి, ఆట మాత్రం అదే. ఇక జాతంటారా, జెర్గ్. మూడు లార్వాలు (జెర్గ్ సైన్యం పుట్టే పురుగులు), ఒక్కో దాంట్లోంచి రెండేసి జెర్గ్లింగులు (చిన్న పోరాట జీవులు), మొత్తం ఆరు. ఎదుటివాడు తేరుకునేలోపే వాడి బేస్‌లో ఉంటాయి. పిల్లలకి అంతకన్నా ఏం కావాలి?

కోనసీమ_నెట్‌సెంటర్:
ఆయ్, ఆ ఆరు జెర్గ్లింగుల వల్లే మా సెంటర్లో కుర్చీలు విరిగాయండి.

2002 ప్రాంతంలో రాజోలు దగ్గర నెట్ సెంటర్ నడిపేవాణ్ని. ఆరు కంప్యూటర్లు, ఒక హబ్బు, డయలప్ కనెక్షన్. రిజల్ట్స్ రోజు తప్ప నెట్ కోసం వచ్చేవాళ్లు తక్కువే. అద్దె కట్టించింది స్టార్‌క్రాఫ్టే. ఒక్క సీడీ ఉంటే మిగతా మెషిన్లలో స్పాన్ కాపీలు వేసుకుని ఎనిమిది మంది దాకా కలిసి ఆడొచ్చు. కంపెనీవాళ్లే ఇచ్చిన సదుపాయం అది. అంతా దొంగ సీడీలతో నడిచిన ఆ రోజుల్లో నేను నిజాయితీగా ఆడించిన గేము అదొక్కటేనని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

బాగా గుర్తున్నది న్యూక్ (అణుబాంబు) వేసినప్పటి గోల. ఘోస్ట్ అనే టెర్రాన్ సైనికుడు ఎవరికీ కనపడకుండా వచ్చి గురిపెడితే ‘న్యూక్లియర్ లాంచ్ డిటెక్టెడ్’ అని ఆడేవాళ్లందరికీ వినిపిస్తుంది కదా. ఆరు స్పీకర్లూ ఒక్కసారే అరిచేవి. ఎర్ర చుక్క ఎవడి బేస్‌లో పడిందో అని అందరూ మానిటర్లకి ముక్కులు ఆనించి వెతకడం! పక్క మందుల షాపాయన పరుగెత్తుకొచ్చేవాడు, మొదట్లో కొట్లాట అనుకుని, తర్వాత్తర్వాత చూడ్డానికి.

మీ ప్రశ్నకి నా జవాబు ప్రోటాస్. ఎందుకంటే పైలాన్. వంద మినరల్స్ (గేములో తవ్వుకునే ఖనిజం, అదే డబ్బు) పెట్టి పైలాన్ అనే స్తంభం పాతితే దాని చుట్టూ కొంత మేరకే కరెంటు. గేట్‌వే (సైనికుల్ని తయారుచేసే కట్టడం) అయినా, ఫోటాన్ కానన్ (కాపలా ఫిరంగి) అయినా ఆ మేరలోనే కట్టాలి. ఎవడైనా వచ్చి పైలాన్ కూల్చాడా, కానన్ పేలదు, గేట్‌వే పనిచేయదు. మన కుర్రాళ్లకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. ట్రాన్స్‌ఫార్మర్ పోతే రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు ఆగిపోయి, జనరేటర్ కోసం నాన్నలు పరుగులు పెట్టడం చూస్తూ పెరిగినవాళ్లు. మా దగ్గర ప్రోటాస్ ఆడేవాళ్లు ఎక్కడైనా రెండేసి పైలాన్లు పాతేవారు. హైదరాబాద్ నుంచి సెలవులకొచ్చిన పిల్లలు అన్నీ ఒకే పైలాన్ కింద కట్టి లబోదిబోమనేవారు.

ఇక కరెంటు నిజంగా పోతే యూపీఎస్ ఓ పది నిమిషాలు ఆగేది. అంతలోనే తేల్చుకోవాలి. అప్పటిదాకా మూలన దాక్కుని క్యారియర్లు (పెద్ద యుద్ధ నౌకలు) కడుతున్నవాడు కూడా ఉన్నదంతా వెంటేసుకుని బయల్దేరేవాడు. అసలైన యుద్ధాలు అవేనండి.

యానాం_ఏటిగట్టు:
పై ఇద్దరూ మల్టీప్లేయర్ మనుషులు. నా మాట వినండి, పిల్లాణ్ని ముందు కథలో కూర్చోబెట్టండి. జాతి ఎంచుకునే గొడవే లేదు, టెర్రాన్‌తో మొదలై, జెర్గ్ మీదుగా ప్రోటాస్‌కి అదే తీసుకెళ్తుంది. ఒక్కో ఆట ముందు వచ్చే బ్రీఫింగుల ఇంగ్లీషు వాడికి అందకపోతే మీరు తెలుగులో చెప్పండి. మాకు మా అన్నయ్య చెప్పేవాడు. టార్సోనిస్ గ్రహం దగ్గర తన సైనికురాలు కెరిగన్‌ని నాయకుడు మెంగ్‌స్క్ జెర్గ్ మధ్యలో వదిలేసి పోతుంటే, ఆమె తోటివాడు రేనర్ గొంతుతో ‘ఆవిణ్ణక్కడ వదిలేసి పోవడమేంటండీ, మీరు మనుషులేనా?’ అని అరిచాడు. వంటింట్లోంచి అమ్మ ‘ఎవర్రా ఆవిడ?’ అంది. ఆ తర్వాత కెరిగన్ ఏమైందో మాత్రం మీ వాడికి ముందే చెప్పేయకండి.

పాలకొల్లు_కుర్రాడు:
అందరికీ థాంక్స్. డౌన్‌లోడ్ పెట్టేశాను. కథతోనే మొదలెడతాం, నాతో పోటీకి దిగినప్పుడు వాడికి ప్రోటాస్. నెట్‌సెంటర్ గారూ, ఒక్క సందేహం. నేను కూడా ప్రోటాసే తీసుకుని డార్క్ టెంప్లర్లని (కంటికి కనపడని ప్రోటాస్ యోధుల్ని) పంపితే వాడేం చేయాలి?

కోనసీమ_నెట్‌సెంటర్:
మినరల్స్ వెనకాల ఒక కానన్ కట్టమనండి. దాని కంటికి డార్క్ టెంప్లర్లు కూడా కనపడతారు. ఈ ముక్క మీ అబ్బాయికి నేను చెప్పానని మాత్రం చెప్పకండి, తండ్రీకొడుకుల మధ్య నాకెందుకండి.