గంగిరెద్దు ఆడాల్సింది మన వాకిట్లోనా, టిక్కెట్టు కొన్న ఆవరణలోనా?

మియాపూర్ పాఠకుడు (చర్చ మొదలుపెట్టినవారు)

సంక్రాంతి రోజుల్లో మాదాపూర్ శిల్పారామంలో ముగ్గులు, గొబ్బెమ్మలు, గంగిరెద్దులు, హరిదాసులు అని పత్రికల్లో చదువుతాం, పిల్లలను వెంటబెట్టుకుని వెళతాం. ముగ్గులతో, గొబ్బెమ్మలతో నాకు పేచీ లేదు. హరిదాసును, గంగిరెద్దును అక్కడికి రప్పించడం మానేయాలని నా వాదన.

హరిదాసు ధనుర్మాసం నెల్లాళ్లూ వ్రతం పట్టిన మనిషి. అక్షయపాత్ర తలకెత్తుకుని బయలుదేరాడంటే మళ్లీ ఇల్లు చేరేదాకా దించడు. కీర్తన తప్ప మరో మాట పలకడు. చిన్నపిల్ల దోసిట్లో బియ్యం తెస్తే మోకాలి మీద వంగి పోయించుకుని పక్కింటికి సాగిపోతాడు. ఆ మనిషిని గడ్డివాము పక్కన నిలబెట్టి, భుజం మీద చెయ్యి వేసి, "ఇటు చూడండి, కాస్త నవ్వండి" అంటూ ఫొటోలు దిగుతుంటే చూడలేకపోయాను. అదే ఆవరణలో పల్లె మ్యూజియం ఉంది. పూరిళ్లలో పనులు చేసుకుంటున్నట్టుగా నిలువెత్తు బొమ్మలు. ఆ బొమ్మలను చూసిన కళ్లతోనే బయటికొచ్చి మనుషులనూ చూస్తున్నాం.

1992లో శిల్పారామం పెట్టింది చేతివృత్తుల కోసం. చీర నేసినవారు చీర అమ్ముకుంటారు, కొయ్యబొమ్మ చేసినవారు బొమ్మ అమ్ముకుంటారు. కొండపల్లి నుంచి తెచ్చినా, ఏటికొప్పాక నుంచి తెచ్చినా ఆ బొమ్మకు విలువ తగ్గదు. భిక్ష అలా మూటగట్టి తెచ్చే సరుకా? ఇల్లు, ఇల్లాలు, చేటలో బియ్యం లేనిచోట అందులో మిగిలేది వేషమే.

డోలు దెబ్బ

మాది గంగిరెద్దుల ఇల్లు. మా నాన్న సన్నాయి, మా బాబాయి డోలు. చిన్నప్పుడు నేను ఎద్దు వెంట నడిచాను. ఇప్పుడు వేరే పని చేసుకుంటున్నాను, పండుగకు మాత్రం వాళ్లతో వెళతాను. మియాపూర్ పాఠకుడు గారూ, మీ అపార్ట్‌మెంటు గేటులోంచి మా ఎద్దును రానిస్తారా? కాపలా ఆయన రానివ్వడు. ఆయన తప్పేమీ లేదు, రానివ్వద్దని మీ సంఘంవాళ్లే చెప్పి ఉంటారు. పేడ వేస్తుందట, సన్నాయికి పసిపిల్లలు నిద్ర లేస్తారట. పాత బస్తీల సందుల్లో ఇంకా పిలిచి పెట్టే ఇళ్లు ఉన్నాయి, లేవనను. కొత్తగా లేచిన ఊళ్లో అసలు వాకిలే లేదు. ఇరవయ్యో అంతస్తులో ఉన్న అమ్మగారికి మా ఎద్దు ఎటు తిరిగి దండం పెట్టాలి?

మీరు ఆచారం అంటున్నది మా ఇంట్లో కూడు. వెనుకబడిన తరగతుల జాబితాలో 'ఎ' (A) అక్షరం ఉన్న గ్రూపు తెరిచి చూడండి. గంగిరెద్దులవారు, బుడబుక్కల, దాసరి, జంగం, అందరం అక్కడే ఉంటాం. కొన్ని పేర్ల పక్కన 'భిక్షాటన వృత్తిగా గలవారు' అని విడిగా రాసి కూడా ఉంటుంది. మావంటి వాళ్ల విద్యకు ప్రభుత్వ కాగితంలో ఉన్న పేరు అది. శిల్పారామంలోనైతే కళాకారులు అని పిలుస్తారు. ఎద్దుకు నీడ దొరుకుతుంది, నీళ్లు దొరుకుతాయి. లారీల మధ్య దాన్ని నడిపించే బాధ తప్పుతుంది. ఫొటోలకు నిలబడటం మాకు పెద్ద కష్టమేమీ కాదండీ.

గోదారి గట్టు

పల్లెలో అంతా పచ్చగా ఉందని ఎవరైనా అనుకుంటుంటే, కాస్త ఆగండి. కొమ్మదాసరిని మా పిల్లలు చూడలేదు. చెట్టెక్కి కొమ్మ చివర కూర్చుని "పడతా, పడతా" అని ఊరంతటినీ హడలెత్తించి, ధాన్యమో పాతబట్టలో ఇస్తామని ఇంటివాళ్ల చేత అనిపించుకున్నాకే దిగేవాడు. ఇప్పుడు ఎక్కడానికి వీధిలో చెట్టుండాలి కదా. శిల్పారామంలో చెట్లకు కొదవ లేదు, ఆయనను అక్కడికే పంపుదాం.

నవ్వుకు అన్నాను గానీ, ఈ కళలు కదలకుండా ఉన్నది ఎప్పుడు? 2021 నవంబరులో కేంద్ర ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ ఒక వీడియో పంచుకున్నారు, గుర్తుందా? గంగిరెద్దు నుదుటి మీద క్యూఆర్ కోడ్ పలక కట్టి ఉంటే, ఒకాయన ఫోను చూపించి డబ్బు వేశాడు. చేటలో బియ్యం పోయి ఫోనులో రూపాయి వచ్చినా అది గంగిరెద్దే. వాకిలి పోయి మైదానం వస్తే మాత్రం ఎందుకు కాకుండా పోతుంది?

మియాపూర్ పాఠకుడు

డోలు దెబ్బ గారూ, గేటు మాట నిజం. మా సంఘం సమావేశంలో అడుగుతాను. ఒక్కటి చెప్పండి. 2017లో విదేశీ అతిథులు వచ్చే సదస్సుకు ముందు హైదరాబాదులో రెండు నెలల పాటు భిక్షాటన నిషేధించారు. నవంబరులో మొదలై జనవరి మొదటి వారం దాకా, అంటే ధనుర్మాసంలో చాలా భాగం ఆ నిషేధం కిందే గడిచింది. వీధిలో చేస్తే నేరం, టిక్కెట్టు పెట్టిన ఆవరణలో చేస్తే సంస్కృతి! మనం శిల్పారామంలో చప్పట్లు కొట్టేకొద్దీ వీధిలో వాళ్లను అడ్డుకోవడం సులువవుతుంది. "చూడాలనుకుంటే అక్కడికి వెళ్లండి, ఇక్కడెందుకు?" అనే మాట మా సమావేశంలోనే వస్తుంది, చూస్తూ ఉండండి.

గోదారి గట్టు గారి ఫోను సంగతికి అభ్యంతరం లేదు. ఇచ్చేవారు, పుచ్చుకునేవారు ఎదురెదురుగా ఉన్నారు కాబట్టి రూపాయి ఏ రూపంలో వస్తే ఏమిటి?

సెక్షన్ చదివినవాడు

ఎవరూ ముట్టుకోని సంగతి ఒకటుంది. జంతువుల పట్ల క్రూరత్వాన్ని నిరోధించే 1960 నాటి చట్టంలో ప్రదర్శన జంతువుల మీద విడిగా ఒక అధ్యాయం ఉంది. ఆ అధ్యాయం వరకు ప్రదర్శన అంటే ఏమిటో 21వ సెక్షన్ చెబుతుంది: టిక్కెట్లు అమ్మి జనాన్ని రానిచ్చే వినోదంలో ప్రదర్శించడం. ఏ జంతువును అలా ఆడించకూడదో 22వ సెక్షన్ కింద కేంద్రం ప్రకటించవచ్చు. ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహం ముందునుంచీ ఆ జాబితాలో ఉన్నాయి. 2011 జులై 11న ఎద్దును కూడా చేర్చారు. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును ఆపిన తీర్పులో ఈ ప్రకటన ప్రస్తావన ముఖ్యమైనదే. తరువాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తమ చట్టాలను సవరించుకున్నాయి, 2023 మేలో రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణలను నిలబెట్టింది. అవి జల్లికట్టు, కంబళ, ఎడ్లబండ్ల పందేల కోసం చేసుకున్న సవరణలు. గంగిరెద్దు ఊసు ఎవరూ ఎత్తలేదు.

మన వాకిట్లో ఆడే ఎద్దుకు టిక్కెట్టు లేదు. శిల్పారామం గేటు దగ్గర ఉంది. అక్షరం పట్టుకుని చదివితే మియాపూర్ పాఠకుడు గారి వాకిలే క్షేమం. టిక్కెట్టు ఆవరణకే గానీ ఎద్దు ఆటకు కాదు కదా అని ఎదుటి న్యాయవాది అంటాడు, ఆ వాదనకూ బలం ఉంది. ఏది నెగ్గినా, ఎద్దును హింసించడం వాకిట్లోనూ నేరమే, వేదిక మీదా నేరమే.

న్యూజెర్సీ అమ్మమ్మ

ఇక్కడ మా తెలుగు సంఘం సంక్రాంతికి ఎద్దు అంటే దుప్పటి కింద ఇద్దరు పిల్లలు. ముందువాడు తల ఊపుతాడు, వెనకవాడు ఎటు నడవాలో తెలియక గోడకు గుద్దుకుంటాడు. హాలంతా నవ్వులే. మా మనవరాలికి గంగిరెద్దు అంటే మా సంక్రాంతి బొమ్మల కొలువులో ఉన్న బొమ్మ, ఈ దుప్పటి ఎద్దు, అంతే. సెలవులకు హైదరాబాదు వచ్చినప్పుడు శిల్పారామంలో అసలుదాన్ని చూసి భయపడి నా చీర కొంగు పట్టుకుంది. కాసేపటికి దగ్గరికి వెళ్లి గంగడోలు నిమిరింది. మీ వాకిళ్లు మాకు దొరకవు నాయనా. అది తీసేస్తే నాలాంటివాళ్లు పిల్లలను ఎక్కడికి తీసుకెళ్లాలో కూడా చెప్పండి.

పందిరి గుంజ

పండుగ కార్యక్రమాలు ఏర్పాటు చేసే పని కొన్నేళ్లు చేశాను. ఎక్కడో చెప్పను, ఎవరి కోసమో చెప్పను. ఖర్చుల పట్టిక ఎలా రాసేవాళ్లమో చెబుతాను. కూచిపూడి బృందానికి 'వేదిక' పద్దు కింద డబ్బు. వాళ్లకు సమయం ఉంటుంది, దీపాలు ఉంటాయి, మైకులో పేర్లు చదువుతారు. హరిదాసుకు, గంగిరెద్దుకు 'అలంకరణ' పద్దు కింద డబ్బు. మామిడి తోరణాలు, బంతిపూలు, హరిదాసు, అన్నీ ఒకే వరసలో. "అటూ ఇటూ తిరుగుతూ ఉండండి" అని వాళ్లకు చెప్పేవాళ్లం. డబ్బు మధ్యవర్తికి వెళ్లేది, అక్కడినుంచి వాళ్లకు ఎంత చేరిందో మేము అడిగేవాళ్లం కాదు. వాకిలా, మైదానమా అని మీరంతా కొట్టుకుంటున్నారు గానీ, చెడు జరుగుతున్నది ఈ పద్దులో అని నా అభిప్రాయం.

ఎందుకంటే గంగిరెద్దు ఆట మాటకు మాట. "అమ్మగారు పాతచీర పెడతారా?" అంటే ఎద్దు తల ఊపుతుంది. "వట్టి చేతులతో పంపుతారా?" అంటే అడ్డంగా ఊపుతుంది. డోలు వరస మారితే అడుగు మారుతుంది. రాముడని పేరు పెట్టిన ఎద్దుకు సీత అనే ఆవుతో పెళ్లి జరిపించే ఘట్టం ఒకటి. ఆడించేవాడు నేల మీద పడుకుంటే ఎద్దు అతని గుండె మీద బరువు పడకుండా గిట్ట ఆనించే ఘట్టం మరొకటి, దాన్ని చూస్తూ ఊపిరి బిగబట్టని మనిషిని నేను చూడలేదు. ఇవన్నీ చుట్టూ కూర్చున్న జనం మధ్య, ఒక వరసలో, కొంత సేపు సాగాల్సినవి. ఐస్‌క్రీము చేతబట్టుకుని నడిచిపోయేవారికి ఎద్దు మీది రంగుల బొంత తప్ప ఇంకేం అందుతుంది?

కాబట్టి రోజుకు రెండు ఆటలు చాలు, ఒక్కోటి అరగంట. జనం చుట్టూ కూర్చోవడానికి చెట్టు కింద చోటు. ఆడించేవారి పేరు, ఊరు రాసిన బోర్డు. డబ్బు నేరుగా వాళ్ల ఖాతాలో. మిగతా సమయమంతా ఎద్దుకు విశ్రాంతి. హరిదాసును వేదిక ఎక్కించవద్దు, నిలబెట్టనూ వద్దు. ఉదయం గేట్లు తెరిచే వేళకు కీర్తన పాడుకుంటూ ఒక చుట్టు తిరిగి వెళ్లిపోవాలి. వచ్చినవారు పోయడానికి బియ్యం బుట్టలు మనమే పెడితే సరి.

మియాపూర్ పాఠకుడు

అలంకరణ పద్దు సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. చెట్టు కింద అరగంట ఆటకు ఒప్పుకుంటాను. బియ్యం బుట్టలకు మాత్రం ఒప్పుకోను. నిర్వాహకులు కొన్న బియ్యాన్ని సందర్శకుడు ఇస్తున్నట్టు నటిస్తాడు, హరిదాసు పుచ్చుకుంటున్నట్టు నటిస్తాడు. దానికి మీరు టిక్కెట్టు వసూలు చేస్తారు.

డోలు దెబ్బ

పందిరి గుంజ గారు చెప్పిన పద్దు మాకు కాగితం చూడకుండానే తెలుసు. బోర్డు మీద పేరు రాస్తామంటే సంతోషం, మా నాన్న పేరు ఇంతవరకు ఎవరూ ఎక్కడా రాయలేదు.

బియ్యం బుట్టల మీద నేను మియాపూర్ పాఠకుడు గారి పక్షమే. ఇచ్చేవారు తమ చేత్తో తమది ఇవ్వాలి. మీరెవరూ అడగనిది ఒకటి చెబుతాను. ఒకచోట (పేరు వద్దు) మమ్మల్ని పిలిచి, రోజుకూలి మాట్లాడి, లోపలికి వెళ్లేముందు ఒక షరతు పెట్టారు: "వచ్చినవాళ్లను డబ్బులు అడగవద్దు, ఇచ్చినా తీసుకోవద్దు, మర్యాదగా ఉండదు." మా బాబాయి సరే అన్నాడు. ఆట మొదలుపెట్టాక "అమ్మగారు పాతచీర పెడతారా?" అనే మాట దగ్గరకొచ్చి ఆగిపోయాడు. అది అడగకూడదు కదా! తీసుకోకూడదన్నాక ఆటలో సగం మాటలకు అర్థమే లేదు. ఎద్దు పాపం, అలవాటు ప్రకారం తల ఊపుతూనే ఉంది. మీరు కూలి ఇవ్వండి, బోర్డు పెట్టండి, చెట్టు చూపించండి. దానితోపాటు అడిగే హక్కు కూడా ఉంచండి. ఇవ్వాలో వద్దో చూసేవాళ్ల ఇష్టం.

గోదారి గట్టు

ఇదీ మాట. అడిగే హక్కు లేకపోతే కొమ్మదాసరి చెట్టెక్కి ఏం చేస్తాడు, గాలి పీల్చుకుంటాడా?

సెక్షన్ చదివినవాడు

నా దగ్గర ఒక దారి ఉంది. ఆటను టిక్కెట్టు గేటుకు ఇవతల, ప్రవేశద్వారం ముందున్న జాగాలో పెట్టండి. టిక్కెట్టు లేదు కాబట్టి 21వ సెక్షన్ చిక్కు రాదు. టిక్కెట్టు కొనలేనివారూ చూస్తారు. ఎవరి జేబులోంచి వారు ఇస్తారు, వద్దనడానికి నిర్వాహకులు ఉండరు. మియాపూర్ పాఠకుడు గారు కోరిన వాకిలి కూడా అదే అనుకోవచ్చు.

డోలు దెబ్బ

ఆ రోడ్డును పండుగ సాయంత్రం మీరు చూసినట్టు లేదు. ఆ హారన్ల మధ్య మా ఎద్దు గుండె మీద గిట్ట పెడుతుంటే కింద పడుకునేది మా బాబాయి. పైగా బోర్డు మీద పేరు రాస్తాం అంటూ మొదలుపెట్టి, చివరికి మమ్మల్ని గేటు బయటికే పంపుతున్నారు కదండీ.

పందిరి గుంజ

రోడ్డు మీద వద్దు. టిక్కెట్టు కౌంటర్‌ను పండుగ రోజుల్లో కొంచెం లోపలికి జరిపితే గేటు లోపలే కొంత జాగా టిక్కెట్టు లేకుండా మిగులుతుంది. రెండు బల్లలు, నాలుగు తాళ్లు, ఒక పూట పని. కౌంటర్ జరపడానికి ఎవరి సంతకం కావాలో తెలిసినవారు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?