సొర చేపలకు, టేకు చేపలకు (బల్లపరుపుగా ఉండే చేపలు) ట్యాగులు వేయడం: చూసినవాళ్లు, చేసినవాళ్లు చెప్పండి

మయామి_మధు
ఫ్లోరిడాలో ఒక యూనివర్సిటీ వాళ్ల బోటులో సొరలకు ట్యాగులు వేసే ట్రిప్పుకి పేరిచ్చాను. పొద్దున వెళ్తే సాయంత్రానికి తిరిగొస్తారట. ఫోన్లో అమ్మకి చెబితే, "దాని మానాన అది తిరిగేదాన్ని గాలమేసి లాగి, రెక్కకి కన్నం పెట్టి వదిలేయడం ఏం చదువురా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఎవరైనా వెళ్లుంటే అక్కడేం చేయిస్తారో, చేప బతుకుతుందో లేదో, అసలు దీనివల్ల తెలిసేదేంటో చెప్పండి.

ఉప్పునీటి_ఉష
మధు గారూ, చదువుకునే రోజుల్లో నేను అటువైపు బోట్లలో చాలాసార్లు వెళ్లాను. లైను కింద ఒక బరువు, దాని నుంచి పొడవాటి నైలాన్ తాడు, తాడు చివర గుండ్రంగా ఒంపు తిరిగిన గాలం. ఆ ఒంపు వల్ల గాలం కడుపులోకి దిగకుండా దవడ మూలన పట్టుకుంటుంది. తాడు పొడవుగా ఉంచేది కూడా చేప కోసమే. పడ్డాక కూడా అది బరువు చుట్టూ ఈదుతూ ఉండాలి, ఈత ఆగితే చాలా జాతులకి మొప్పల్లోకి నీళ్లు సరిగా అందవు.

బోటు దగ్గరికి తెచ్చాక నోట్లో గొట్టం పెట్టి సముద్రపు నీళ్లు పంపు చేస్తూనే ఉంటారు. ఒకరు టేపుతో పొడవు కొలుస్తారు, ఒకరు రెక్క అంచున గోరంత ముక్క కత్తిరిస్తారు, ఒకరు ట్యాగు వేస్తారు. కొత్తవాళ్ల చేతికి మొదట వచ్చేది మాత్రం నీళ్ల సిరంజి. దాంతో కంట్లోకి కొంచెం చిమ్మాలి. చాలా సొరలకి తెల్లటి మూడో రెప్ప ఉంటుంది, అది టక్కున పైకి లేచి కన్ను మూస్తే చేప బాగున్నట్టు. రెప్ప నెమ్మదిగా లేచిందంటే మిగతా పనులు మానేసి వదిలేయడమే. మొదటిసారి ఆ రెప్ప చూసినప్పుడు నేను టేపు పట్టుకోవడం కూడా మర్చిపోయాను.

జాతిని బట్టి తేడా చాలా ఉంటుంది. నర్స్ సొర మొండిఘటం, ఎంతైనా ఓర్చుకుంటుంది. పెద్ద సుత్తితల సొర పడితే బోటులో అందరూ మాట్లాడటం ఆపేసి పని చేస్తారు, అది గాలానికి పడిన ఒత్తిడికే చచ్చిపోగలదు. "సొరలన్నీ గట్టివే, ఏం కాదు" అని ఎవరైనా అంటే నమ్మకండి. మీ అమ్మగారు అడిగింది సరైన ప్రశ్నే.

గంగమ్మ_అప్పన్న
మాది విశాఖ దగ్గర వేటకెళ్లే ఊరండి. సొరైనా టేకైనా మాకు సంతలో అమ్ముకునే సరుకే. నాకో డౌటు. మీరంతా రెక్కకి ప్లాస్టిక్ ముక్క కట్టి వదిలేస్తారు సరే, రేపు అది మావోళ్ల వలలో పడితే? ఆ ముక్క పీకి సముద్రంలో పారేస్తారు, ఏటో ఎవరికి తెలుసు? అప్పుడు మీ చదువంతా ఏటవుద్ది?

లెక్కల_మాస్టారు
అప్పన్న గారూ, ఈ వ్యవహారమంతా నిలబడేది మీరడిగిన దాని మీదే. చిన్న లెక్క చెప్తాను.

ఒక చోట 100 సొరలకు ట్యాగులు వేసి వదిలామనుకోండి. కొన్నాళ్లకు జాలర్లు 200 పట్టారు, వాటిలో 10కి ట్యాగులున్నాయి. అంటే ఇరవైలో ఒకటి మనది. మనం వేసినవి 100 కాబట్టి అక్కడ మొత్తం 2,000 ఉన్నట్టు. ఇప్పుడు మీరన్నట్టు సగంమంది ట్యాగులు పీకి పారేశారు, మన చేతికి 5 మాత్రమే వచ్చాయి. అదే లెక్క చేస్తే 4,000 వస్తుంది! సముద్రంలో ఒక్క చేప పెరగకుండా కాగితం మీద రెట్టింపైంది. దాన్ని చూసి "ఇన్ని ఉన్నాయిగా, ఇంకా పట్టొచ్చు" అని కోటా పెంచితే ముందు మునిగేది జాలరే. ట్యాగులు వాటంతటవే ఊడిపోయినా ఇదే తప్పు వస్తుంది. అందుకే కొందరు ఒక్కో చేపకు రెండేసి వేసి, ఎన్నిటికి ఒకటి ఊడిందో చూసి దిద్దుకుంటారు.

అమెరికా ప్రభుత్వం 1962 నుంచి అట్లాంటిక్‌లో నడుపుతున్న కార్యక్రమమైతే పూర్తిగా జాలర్ల మీద, సరదాకి గాలం వేసేవాళ్ల మీద ఆధారపడిందే. వీపు రెక్క మొదట్లో కండలోకి చిన్న స్టీలు ములుకు దించుతారు, దానికి వేలాడే గొట్టంలో చుట్టిన చీటీ ఉంటుంది. పట్టినవాడు ఎక్కడ, ఎప్పుడు, ఎంత పొడవు అని రాసి పంపాలి. పంపినవాళ్లకి ఒక టోపీ. ఆ టోపీల పుణ్యాన, ట్యాగు వేసిన 27 ఏళ్లు దాటాక మళ్లీ దొరికిన సొర కూడా వాళ్ల రికార్డుల్లో ఉంది.

ఇంకా పాతది చెప్పనా? 1936లో గ్రీన్‌ల్యాండ్ దగ్గర కొలిచి ట్యాగు వేసిన గ్రీన్‌ల్యాండ్ సొర అనే జాతి చేప ఒకటి 1952లో దొరికింది. పదహారేళ్లలో పెరిగింది 8 సెంటీమీటర్లు! ఇవి వందల ఏళ్లు బతుకుతాయేమో అన్న అనుమానానికి అలాంటి కొలతలే ఊతం. 2016లో కంటి కటకంలోని కార్బన్‌ను పరీక్షించి, అతి పెద్దది తక్కువలో తక్కువ 272 ఏళ్లది అని తేల్చారు.

బుర్రగోక్కునే_బాలు
ఉపగ్రహాల కాలంలో చీటీలేంటి మాస్టారూ? యాప్ తెరిస్తే సొర ఎక్కడుందో చుక్క కనపడుతుంది కదా. అయినా నాకో అనుమానం, ట్యాగు ఊడిపోయి అలల మీద తేలుతూ పోయినా "సొర ఇంత దూరం ఈదింది" అని రాసేస్తారేమో?

ఉప్పునీటి_ఉష
బాలూ, ఆ చుక్క ఎప్పుడూ కనపడదు. రేడియో తరంగాలు ఉప్పునీళ్లలోంచి బయటికి రావు. వీపు రెక్కకి బిగించిన ట్యాగు, రెక్క నీటిపైకి తేలినప్పుడే ఉపగ్రహంతో మాట్లాడుతుంది. సొర అడుగునే తిరిగితే నెలల తరబడి నిశ్శబ్దం. పేపరోళ్లు "సొర మాయం" అని రాసేది అప్పుడే.

పైకి రాని జాతులకి వేరే రకం వేస్తారు. అది లోతు, వేడి, వెలుతురు దాచుకుంటూ ఉండి, చెప్పిన రోజుకి తనే ఊడి పైకి తేలి ఆ కథంతా పంపుతుంది. సూర్యోదయం, సూర్యాస్తమయం వేళల్ని బట్టి చోటు లెక్కేస్తారు, కాబట్టి వంద కిలోమీటర్లు అటూ ఇటూ అవడం మామూలే.

నీ అనుమానానికి జవాబు ఆ లోతు లెక్కలోనే ఉంది. ఊడి తేలే ట్యాగు ఎప్పుడూ పైనే ఉన్నట్టు చూపిస్తుంది. 2003 నవంబరులో దక్షిణాఫ్రికా దగ్గర ట్యాగు వేసిన నికోల్ అనే తెల్లసొర 99 రోజుల్లో 11,000 కిలోమీటర్లు దాటి ఆస్ట్రేలియా చేరింది. దారిలో వెయ్యి మీటర్లకు దగ్గరగా మునిగిన రికార్డు ఉంది. తేలే ప్లాస్టిక్ అలా మునగదు కదా! ట్యాగు ఆస్ట్రేలియాలోనే ఊడిపోయింది. సొర మాత్రం 2004 ఆగస్టులో మళ్లీ దక్షిణాఫ్రికాలో కనపడింది, వీపు రెక్క అంచున ఉన్న గాట్లను ఫొటోలతో పోల్చి గుర్తుపట్టారు.

గ్లాస్గో_గౌతమి
టేకుల గురించి ఎవరూ ఎత్తడం లేదు, నేను చెప్తాను. స్కాట్లాండ్ పడమటి తీరంలో ఫ్లాపర్ స్కేట్ అని ఉంటుంది. మన టేకుల వర్గమే, కాకపోతే రెండు మీటర్లు దాటుతుంది. మా ఆయన ఆఫీసువాళ్లతో ఒకసారి ఆ బోటెక్కాను. తడి పరుపు లాంటిది డెక్ మీద పడేసి, వీపు మీది మచ్చలు ఫొటో తీసి, కొలిచి, వెంటనే దించేశారు. తోక పొడవునా ముళ్లుంటాయి, అటు వెళ్లకూడదు.

ఇక్కడ గాలం వేసేవాళ్లు 1970ల నుంచి వీటికి ట్యాగులు వేస్తున్నారు. చాలావరకు వదిలిన చోటికి దగ్గర్లోనే మళ్లీ మళ్లీ దొరికాయి. ఊరు వదలని చేపైతే ఆ ఊరిని కాపాడితే చాలు అన్న ఆధారంతో 2014లో లాక్ సునార్ట్ నుంచి సౌండ్ ఆఫ్ జురా దాకా రక్షిత ప్రాంతం చేశారు. దీని గుడ్డు పొదగడానికే ఏడాదిన్నర పడుతుంది, ఒకసారి తగ్గిపోతే తేరుకోవడం కష్టం. ఇప్పుడు మచ్చల ఫొటోలతోనే చాలా పని జరిగిపోతోంది.

మాలే_మురళి
అక్కా, మా దగ్గరా అంతే. మాల్దీవుల్లో డైవింగ్ గైడుని. మాంటా టేకు కిందనుంచి వెళ్తూ పొట్ట ఫొటో తీస్తే చాలు, ఏ రెండింటి మచ్చలూ ఒకలా ఉండవు. తిమింగలం సొరకైతే మొప్పల వెనక, పక్క రెక్క పైన ఉండే చుక్కలు. ఆకాశంలో నక్షత్రాల ఫొటోలు పోల్చడానికి రాసిన లెక్కనే ఈ చుక్కలకి వాడారు, 2005లో పరిశోధన పేపరు వచ్చింది. అందుకే టూరిస్టులకి నేను ముందే చెప్తాను, ముందునుంచి నోరు తెరిచిన ఫొటో ఫేస్‌బుక్‌కి పనికొస్తుంది, ఎడమ పక్క నుంచి నిలకడగా తీసింది సైన్సుకి పనికొస్తుంది అని. ఎవరూ వినరు.

అప్పన్న గారూ, 2021 డిసెంబరులో మీ వైపు తంతడి తీరంలో వలలో పడిన తిమింగలం సొరని మళ్లీ సముద్రంలోకి పంపారు కదా, ఆ ఫొటోలు గుర్తింపు కోసం ఇక్కడి పరిశోధకులకే పంపారు.

గంగమ్మ_అప్పన్న
బొక్కు సొర సంగతేనా, తెలుసు. మావోళ్లే తోసి పంపారు. దాన్ని పట్టకూడదని చట్టం వచ్చిందని ఇప్పుడు చాలామందికి తెలుసు. కానీ వల కోస్తే వల ఖర్చెవరిది? టోపీ ఇస్తే కుదరదు మాస్టారూ.

లెక్కల_మాస్టారు
న్యాయమే. గుజరాత్‌లో తిమింగలం సొర కోసం వల కోసుకున్నవాళ్లకి 25,000 రూపాయల దాకా పరిహారం పెట్టారు. జాలర్ల చేతికే కెమెరాలిచ్చి, వదిలేటప్పుడు ఫొటో తీస్తే అదే సాక్ష్యమన్నారు. దేశంలో మొదటిసారి తిమింగలం సొరకి ఉపగ్రహ ట్యాగు పడింది కూడా అక్కడే, 2011లో. జాలరి కబురు పెడితేనే కదా ట్యాగు వేయడానికి చేప దొరికేది! ముందు డబ్బు, తర్వాతే సైన్సు. నన్నడిగితే ఆ వరసే సరైంది.

మయామి_మధు
అందరికీ థ్యాంక్స్. ఈ థ్రెడ్ అమ్మకి చదివి వినిపించాను. "ఆ రెప్ప సంగతి బాగుంది, బాగా చూసి చిమ్ము" అంది. ఉష గారూ, ఏం తీసుకెళ్లాలి?

ఉప్పునీటి_ఉష
వాంతుల మాత్ర బోటెక్కాక కాదు, ఎక్కడానికి ముందే వేసుకోండి. పొడుగు చేతుల చొక్కా, టోపీ, జారని చెప్పులు. ఉంగరం ఉంటే తీసేయండి. చేప పక్కన మోకాళ్ల మీద కూర్చోమంటే తోక వైపు కూర్చోకండి, ముఖ్యంగా నర్స్ సొర పడినప్పుడు.

బుర్రగోక్కునే_బాలు
ఫొటోలు పెట్టాలి మధూ. ఎడమ పక్క నుంచి.