నాగావళి పంచలింగాలు ఒక్క రోజులో అవుతాయా? (అమ్మకి మోకాళ్ళ నొప్పులు)

గుడివీధి అమ్మాయి:

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం గుడివీధి, కోటేశ్వరస్వామి గుడికి నాలుగిళ్ళ అవతల. పెళ్ళయ్యాక నేను వైజాగ్ వచ్చేశాను. అమ్మకి ఈ మధ్య ఒకటే ధ్యాస, నాగావళి ఒడ్డున ఉన్న ఐదు శివాలయాలూ చూసి రావాలని. మా మామ్మ ఎప్పుడూ అనేది, "బలరాముడు నాగలితో ఏటిని లాక్కొస్తా లాక్కొస్తా అయిదు సోట్ల ఆగినాడే గుంటా, మనింటి పక్కనున్నది నాలుగోది" అని. మరి మామ్మ ఆ అయిదూ చూసిందా అంటే మాకెవరికీ తెలీదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ అడగాలని తోచలేదు.

పోయిన కార్తీకంలో ఒక ట్రావెల్స్ వాళ్ళు 'ఒక్క రోజులో పంచలింగ దర్శనం' అంటే డబ్బు కట్టేశాం. డ్రైవర్‌ది ఈ ప్రాంతం కాదు. ఫోన్‌లో ఏం కొట్టుకున్నాడో, ఆమదాలవలస దగ్గర ఒక కొండ కింద బండి ఆపి, "సంగమేశ్వరుడు వచ్చేశాడు, ఎక్కండి" అన్నాడు. అమ్మ శివశివా అనుకుంటూ సగం దాకా ఎక్కి ఒక మెట్టు మీద కూలబడిపోయింది. పైనుంచి దిగుతున్న ఒకావిడ మా గోల విని, "మూడేర్లు కలిసే సంగమానికా? కొండ మీద ఏరెక్కడుంటాదమ్మా! ఇది సంగమయ్య కొండ" అని పగలబడి నవ్వింది. ఆ రోజు చీకటి పడేసరికి మేం చూసినవి రెండే, అందులో ఒకటి మా ఇంటి పక్కదే. డబ్బు సంగతి అడిగితే "దర్శనం అయింది కదా మేడమ్" అన్నాడు.

ఈసారి మేమే కారు మాట్లాడుకుని వెళ్దామనుకుంటున్నాం. అసలా అయిదూ ఏవి, ఏ వరసలో వెళ్ళాలి, ఒక్క రోజులో అవుతుందా? అమ్మకి 68. నడుస్తుంది కానీ మెట్లంటేనే టెన్షన్.

సిక్కోలు బుల్లోడు:

అయిపోద్ది అక్కా, టెన్షన్ ఎందుకు. మ్యాప్‌లో అయిదు పిన్నులు పెట్టుకుని తెల్లారి నాలుక్కి బయల్దేరండి. టిఫిన్ బండిలోనే కానిచ్చేస్తే రాత్రి పదికి ఇంట్లో ఉంటారు. మా ఫ్రెండ్స్ బైకుల మీద చేసేశారు.

పాత కండక్టర్:

బైకుల మీద మీ వయసు కుర్రాళ్ళు ఏదైనా చేస్తారు బాబూ. ఆవిడ అడిగింది వాళ్ళ అమ్మగారి గురించి.

అమ్మా, నేను బస్సు కండక్టర్‌గా చేసి రిటైరైన వాణ్ణి. రాజాం, పాలకొండ, పార్వతీపురం రూట్లలోనే నా సర్వీసంతా గడిచింది. అంటే ఈ ఏటి పక్కనే. ముందు వరస చెప్తాను, తర్వాత నా సలహా.

నాగావళి ఒడిశాలో కలహండి కొండల్లో పుట్టి 256 కిలోమీటర్లు నడిచి మన కల్లేపల్లి దగ్గర సముద్రంలో పడుతుంది. నాగలికి సంస్కృతంలో లాంగలం అని పేరు, అందుకే దీన్ని లాంగుల్యా నది అని కూడా అంటారు. కురుక్షేత్రంలో ఎవరి పక్షమూ పట్టనని బలరాముడు తీర్థయాత్రలకి వచ్చాడట. ఇక్కడ జనం కరువుతో అల్లాడుతుంటే నాగలితో భూమిని చీల్చి నీళ్ళు తెచ్చాడనీ, దారిలో అయిదు చోట్ల లింగాలు ప్రతిష్ఠించాడనీ మనవాళ్ళ నమ్మకం. కాబట్టి ఏరు దిగినట్టే గుళ్ళూ దిగుతాయి. రాయగడ దగ్గర పాయకపాడులో పాతాళేశ్వరుడు, కొమరాడ మండలం గుంపలో సోమేశ్వరుడు, వంగర మండలం సంగాంలో సంగమేశ్వరుడు, శ్రీకాకుళంలో మీ కోటేశ్వరుడు, చివర కల్లేపల్లిలో మణినాగేశ్వరుడు. మీ మామ్మగారు నాలుగోది అన్నది నూటికి నూరుపాళ్ళు కరెక్టు.

2022లో జిల్లాలు విడగొట్టాక ఇంకో తమాషా అయింది. సంగాం విజయనగరం జిల్లాకి పోయింది, గుంప పార్వతీపురం మన్యానికి పోయింది, పాయకపాడు ఎలాగూ ఒడిశా, ఆఖరి రెండూ శ్రీకాకుళంలో మిగిలాయి. రెండు రాష్ట్రాలు, నాలుగు జిల్లాలు. ఏటికి ఈ సంగతి చెప్పినవాళ్ళు లేరు.

మీ డ్రైవర్ పొరపాటు కొత్తదేం కాదు. నా బస్సులోనే ఎంతమంది అడిగేవారో, "సంగమయ్య కొండకి పోద్దా బాబూ" అని. అది సంక్రాంతి జాతరకి పేరున్న కొండ, ఆమదాలవలస పక్కన. సంగాం అంటే నాగావళిలో సువర్ణముఖి, వేగావతి వచ్చి కలిసే చోటు. అక్కడి యాత్ర శివరాత్రికి. ఆ రెండు రోజులూ స్పెషల్ బస్సుల్లో డ్యూటీ పడిందంటే నాకు ఇప్పటికీ చేతులు చెమ్మగానే ఉన్నట్టుంటుంది. మూడేర్ల నీళ్ళలో మునిగి తడి చీరలతోనే బస్సెక్కేవారు. కొంగు ముడి విప్పి ఇచ్చే చిల్లర తడి, నోట్లు తడి. నేనిచ్చిన టిక్కెట్టు వాళ్ళ చేతిలో పడగానే ముద్ద. తర్వాతి స్టేజీలో చెకింగ్ వాళ్ళు ఎక్కితే ఆ ముద్దల్లో నంబర్లు వెతకలేక వాళ్ళే దిగిపోయేవారు. ఒక ముసలమ్మ పెద్ద ఇత్తడి బిందెలో సంగమం నీళ్ళు తెచ్చి ఫుట్‌బోర్డు దగ్గర పెట్టింది. లగేజీ కొట్టాలి అన్నాను. "గంగమ్మకి టిక్కెట్టు కొడతావేటి, నీ మొకానికి?" అంది. బస్సంతా ఆవిడ పక్షమే. రాజాం వచ్చేలోపు ఆ బిందెలో సగం నా పాంటు మీదే ఒలికింది, ఛార్జీ వసూలైనట్టే అనుకున్నాను.

నా సర్వీసులో అయిదూ ఒక్క రోజున చూస్తామని బయల్దేరిన మనిషిని నేను చూడలేదు. ఎవరి పక్కనున్న శివుణ్ణి వాళ్ళు చూసుకునేవారు. కూతుర్ని పాలకొండ వైపు ఇస్తే ఆ వంకతో సంగాం, పార్వతీపురంలో పెళ్ళి పడితే గుంప. ఒకే రోజు పంచలింగాలన్నది కార్లొచ్చాక వచ్చిన ముచ్చట. తప్పని అనను. అమ్మగారికి మాత్రం వద్దంటాను.

మీరు ఇలా చేయండి. ఒక రోజు ఉదయం కల్లేపల్లి. శ్రీకాకుళం నుంచి దగ్గరే, ఏరు సముద్రంలో కలిసే తావు కూడా చూపించండి. వచ్చి కోటేశ్వరుడి దగ్గర హారతి తీసుకుంటే ఆ రోజుకి చాలు. ఇంకో వారం సంగాం చూసుకుని పైకి వెళ్ళండి. దారిలో తోటపల్లి వెంకటేశ్వరస్వామి కూడా ఈ ఏటి ఒడ్డునే. రాత్రికి పార్వతీపురంలో పడుకుని పొద్దున్నే గుంప, అటు నుంచి రాయగడ. అక్కడి దాకా పోయి మజ్జిగౌరమ్మని చూడకుండా వస్తే మన వైపు ఆడవాళ్ళు ఊరుకోరు. ఇసకలో నడక ఉంటుంది కాబట్టి ఒక మడత కుర్చీ కారులో పడేయండి. బేరం ముందే మాట్లాడి, ఊళ్ళ పేర్లు తెలుగులో కాగితం మీద రాసి డ్రైవర్ చేతికివ్వండి.

కొమరాడ ఆడపడుచు:

కండక్టర్ గారూ, మా గుంపని ఒక్క ముక్కలో తేల్చేశారే! అది మా పుట్టింటి వైపు. గుంపలో నాగావళి ఒక్కతే కాదండీ, జంఝావతి వచ్చి కలుస్తుంది. కొమరాడ మండలంలోనే పైన రబ్బరు డ్యామ్ కట్టారు చూడండి, ఆ జంఝావతే.

గుడివీధి అమ్మాయికి నా మాట, అమ్మగారితో శివరాత్రికి మాత్రం గుంప వెళ్ళొద్దు. ఆ రోజు జనంలో మనం నడవం, జనమే మనల్ని నడిపిస్తుంది. మామూలు రోజున వెళ్తే ఏటి చప్పుడు వింటూ ఎంతసేపైనా కూర్చోవచ్చు. ఇంకొకటి, వానాకాలం ఈ రూటు పెట్టుకోకండి. పైన ఒడిశా కొండల్లో వాన కురిస్తే ఇక్కడ ఎండ కాస్తుండగానే ఏరు వచ్చేస్తుంది. మా నాన్న ఒకసారి అవతలి ఒడ్డున పశువులతో చిక్కుకుపోయి రాత్రంతా అక్కడే ఉన్నాడు.

వంశధార మాస్టారు:

నాగావళి వాళ్ళే మాట్లాడుకుంటుంటే మా ఏరు చిన్నబుచ్చుకుంటుందని నేనూ వచ్చాను. మీకు అయిదుంటే మాకు ముఖలింగేశ్వరుడు ఒక్కడు చాలు. ఇప్పచెట్టులో వెలిశాడు కాబట్టి మధుకేశ్వరుడు. గర్భగుడిలో లింగం వెనక కుమ్మరి ఇచ్చిన గోలెం ఉంటుంది, ద్వారం కన్నా అది పెద్దది. మరి లోపలికెలా వెళ్ళింది? చిన్నప్పుడు మా తాతని అడిగితే, "నువ్వు పెద్దయ్యాక చెప్తాను" అన్నాడు. పెద్దయ్యాను, తాత లేడు. శివరాత్రి తర్వాత వంశధారలో చక్రతీర్థ స్నానాలకి ఒడిశా నుంచి కూడా జనం దిగుతారు. ఆ పక్కనే పర్వతాలపేట, గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టిన ఊరు. ఇదే ఏటి కింది భాగంలో ఉన్న శాలిహుండం బౌద్ధ స్తూపాల్ని 1919లో లోకానికి చెప్పిందీ ఆయనే.

సరే, మీ కోటేశ్వరుడి గురించి ఎవరూ చెప్పని సంగతి ఒకటి. బలరాముడు ప్రతిష్ఠ చేశాక దేవతలంతా దర్శనానికి వచ్చారట. ఇంద్రుడు వేళ కాని వేళ వచ్చి లోపలికి పోబోతే నంది కొమ్ములతో ఎత్తి దూరంగా పడేశాడు. పడ్డ చోట సూర్యుణ్ణి తలచుకున్నాడు, అదే అరసవల్లి అంటారు. కాబట్టి అమ్మగారిని వేళకి తీసుకెళ్ళండి. ఇక్కడింకో మాట, ఇదే నాగావళి ఒడ్డున శ్రీకాకుళం జామియా మసీదు కూడా ఉంది. 1641లో గోల్కొండ నవాబుల ఫౌజ్‌దారు షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించినది. ఏటి ఒడ్డు కథ చెప్పేటప్పుడు దాన్ని వదిలేస్తారెందుకో.

గుడివీధి అమ్మాయి:

అందరికీ చాలా థాంక్స్. ఇవన్నీ అమ్మకి చదివి వినిపించాను. బిందె కథకి కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది. మాస్టారూ, ఆ మసీదు ముందు నుంచే నేను స్కూలుకి వెళ్ళేదాన్ని, అంత పాతదని ఇప్పుడే తెలిసింది.

మామ్మ సంగతి కూడా కొంచెం తేలింది. మా పెద్దత్తకి ఫోన్ చేశాం, ఆవిడకి ఎనభై దాటాయి. పోలి పాడ్యమి దీపాల నుంచి ఎత్తుకుంది. ఆ తెల్లవారుజామున మామ్మ మమ్మల్నందర్నీ లేపి ఏటికి తీసుకెళ్ళేది. ఆ రోజులకి నీళ్ళు ఒడ్డు వదిలి ఎక్కడో నడిమికి పోయేవి, చల్లటి ఇసకలో కాళ్ళు కూరుకుంటూ నడవాలి. ముందు రాత్రే అరటిబోదె నుంచి దొప్పలు వలిచి, అంచులు మడిచి, చీపురుపుల్లలు గుచ్చి పెట్టేది. ఒక్కో దొప్పలో ఆవునెయ్యిలో నానిన ముప్పై వత్తులు. చీలమండ లోతు పాయలో దొప్ప వదిలి, అరచేత్తో నీళ్ళని మూడుసార్లు ముందుకు తోసేది. కొన్ని కదిలేవి, కొన్ని ఇసక తిన్నెకి తగులుకుని అక్కడే ఆగేవి. నా దీపం ఆగిపోతే నేను ఏడ్చేదాన్నట. మామ్మ వంగి దాన్ని వేలితో తప్పించి, "కల్లేపల్లి దాకా పోవాల కదే, అలసట తీర్చుకుంటంది" అనేదని అత్త చెప్పింది.

మరి అయిదూ చూసిందా అని అడిగాం. కల్లేపల్లి పెళ్ళికి ముందే, ఎడ్లబండి మీద. సంగాం అత్త పెళ్ళి సంబంధం చూడబోయి. గుంప మా చిన్నాన్నకి పార్వతీపురంలో ఉద్యోగం వచ్చిన ఏడాది. అచ్చం కండక్టర్ గారు చెప్పినట్టే. పాయకపాడు ఒక్కటీ మిగిలిపోయింది. "మీ నాన్న తీసుకెళ్తానన్నాడు, మీ నాన్నే పోయాడు" అంది అత్త.

అప్పట్నించీ అమ్మ కల్లేపల్లి మాటే ఎత్తడం లేదు, పాయకపాడు ముందు అంటోంది. కారులో అంత దూరం కాళ్ళు ముడుచుకుని కూర్చోలేనని, రైల్లో రాయగడ వెళ్దామంటోంది. పార్వతీపురం నుంచి పొద్దున పూట రాయగడకి ప్యాసింజర్లు ఏ టైముకి ఉన్నాయో కండక్టర్ గారు కాస్త చెప్పగలరా?

పాత కండక్టర్:

రైలు సంగతి నాకు తెలీదమ్మా, నాది బస్సు. స్టేషన్‌లో అడిగి కనుక్కుని రేపు చెప్తాను.